నిలబడడం నేర్చుకున్న యానిమేషన్

వెబ్ పేజీలో పైనుంచి ఒక పట్టీ జారుతుంది. ‘మీ దరఖాస్తు అందింది’ అని చెప్పి, మూడు సెకన్లు నిలబడి, మళ్లీ పైకి పోతుంది. జారడం, పోవడం రాయడం తేలికే. ప్రోగ్రామర్లను చాలాకాలం ఏడిపించింది మధ్యలో ఆ నిలబడడమే.

చిక్కు జావాస్క్రిప్ట్ స్వభావంలోనే ఉంది. 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని తొలి రూపం తయారుచేశాడు. చాలా భాషల్లో ‘స్లీప్’ అనే ఆజ్ఞ ఉంటుంది. అది రాగానే ప్రోగ్రాం ఉన్నచోటే నిద్రపోతుంది. పేజీలో నడిచే జావాస్క్రిప్ట్‌కు ఆ సుఖం లేదు. స్క్రిప్ట్‌ను నడిపేదీ, మౌస్ నొక్కులకు బదులిచ్చేదీ ఒకే థ్రెడ్. అది కునుకు తీస్తే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే సెట్‌టైమవుట్ వచ్చింది: ఇన్ని మిల్లీసెకన్లయ్యాక ఫలానా పని చెయ్యమని బ్రౌజర్‌కు అప్పగించి, స్క్రిప్ట్ తన దారిన తాను పోతుంది. సరిగ్గా ఆ క్షణానికే జరుగుతుందన్న హామీ లేదు, గడువుకు ముందు మాత్రం జరగదు. దీనికో విచిత్రమైన హద్దుంది. గడువును 32 బిట్ల సంఖ్యగా దాచుకుంటారు కాబట్టి 2147483647 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 24.8 రోజులు దాటితే లెక్క తిరగబడుతుంది. ముప్పై రోజులాగి చెయ్యమంటే ఇప్పుడే చేసి పెడుతుంది!

2006 జనవరి 14న న్యూయార్క్‌లో జరిగిన బార్‌క్యాంప్‌లో జాన్ రెసిగ్ జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని ప్రకటించాడు. దానితో యానిమేషన్లను గొలుసుకట్టుగా రాయడం అలవాటైంది. పేజీలోని ప్రతి భాగానికీ ‘ఎఫ్ఎక్స్’ అనే సొంత క్యూ ఉంటుంది. ‘స్లైడ్‌డౌన్’ పూర్తయ్యాకే ‘స్లైడ్‌అప్’ మొదలవుతుంది. ఈ వరుసలో విరామం పెట్టడమెలా? సెట్‌టైమవుట్‌కు ఈ క్యూ సంగతే తెలియదు. జనం ఒక దొంగదారి పట్టారు. పూర్తిగా కనిపిస్తున్న పట్టీనే, మూడు వేల మిల్లీసెకన్లలో పూర్తిగా కనిపించేలా చెయ్యమనేవారు. తెరమీద ఏమీ మారదు. లోపల మాత్రం దాదాపు 13 మిల్లీసెకన్లకోసారి అదే విలువను లెక్కగట్టి మళ్లీ రాస్తూ ఉంటుంది. పని జరిగేది కానీ, ఊరికే నిలబడడానికి అంత చాకిరీ దేనికి?

2010 జనవరి 14న, జేక్వెరీ నాలుగో పుట్టినరోజున, 1.4 వెర్షన్‌తో ‘డిలే’ వచ్చింది. బయటి ప్రోగ్రామర్ ఒకరు రాసిన ప్లగిన్ ఆధారంగా, ఆయన అనుమతితో చేశామని సోర్స్ కోడ్‌లోనే రాసుకున్నారు. మొత్తం కొద్ది వరుసలే. రేషన్ షాపు క్యూలో ఒకాయన కౌంటరు దగ్గరికొచ్చి, ఏమీ కొనకుండా మూడు నిమిషాలు నిలబడి పోతే వెనకవాళ్లంతా ఆగాల్సిందే కదా! ‘డిలే’ చేసేది అంతే. తన వంతు రాగానే సెట్‌టైమవుట్ పెట్టుకుంటుంది, గడువు తీరగానే తర్వాతివాడిని పిలుస్తుంది.

క్యూలో నిలబడనివాళ్లను మాత్రం అది ఆపలేదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. వ్యవధి చెప్పకుండా ‘హైడ్’ అని రాస్తే అది క్యూలో చేరదు; ‘డిలే’ తర్వాత రాసినా పట్టీ తక్షణం మాయమవుతుంది. అదే ‘హైడ్’కు సున్నా వ్యవధి ఇస్తే బుద్ధిగా వరుసలోకొస్తుంది. సున్నాకూ ఏమీ ఇవ్వకపోవడానికీ ఇంత తేడా పెట్టడం, నన్నడిగితే, కొంచెం అన్యాయమే.

2011లో 1.6 వెర్షన్ యానిమేషన్లను రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌కు అప్పగించింది. తెరను తిరిగి గీసేముందు బ్రౌజరే స్క్రిప్ట్‌ను పిలుస్తుంది కనుక కదలిక నున్నగా సాగుతుంది. అయితే చూడని ట్యాబ్‌లో ఆ పిలుపు ఆగిపోతుంది, సెట్‌టైమవుట్ నడుస్తూనే ఉంటుంది. స్లైడ్‌షోను వదిలేసి వేరే ట్యాబ్‌కు వెళ్లొస్తే, క్యూలో పేరుకున్నవన్నీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తేవి. 1.6.3లో రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌ను తీసేశారు, 2016లో 3.0తో మళ్లీ తెచ్చారు.

ఈలోగా, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ ఆలస్యాన్ని స్క్రిప్ట్ చేతిలోంచి తీసుకుని ‘యానిమేషన్-డిలే’ అనే ఒక్క విలువగా మార్చేసింది. అందులో రుణ సంఖ్య కూడా చెల్లుతుంది. మైనస్ రెండు సెకన్లంటే, యానిమేషన్ రెండు సెకన్ల కిందటే మొదలైనట్టు మధ్యలోంచి అందుకుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బే మూడు లోడింగ్ చుక్కలకు ఇదే వాడతారు. ధన సంఖ్యలిస్తే పేజీ తెరవగానే చివరి చుక్క కాసేపు కదలకుండా ఉండిపోతుంది. రుణ సంఖ్యలిస్తే మొదటి ఫ్రేమ్‌లోనే మూడూ మూడు దశల్లో ఉంటాయి.