కోట పధ్నాలుగేళ్లు, లాకు నూరేళ్లు

గూడూరు నుంచి కోట, వాకాడు మీదుగా తూర్పుకు సాగితే దుగరాజపట్నం వస్తుంది. పాత నెల్లూరు జిల్లా తీరంలోని ఈ పల్లె 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇటు సముద్రం, అటు బకింగ్‌హామ్ కాలువ, దక్షిణాన పులికాట్ సరస్సు. చెన్నపట్నం పుట్టుకకు ముందు ఇంగ్లీషు వర్తకులు ఫిరంగులు ఎక్కించిన చోటు ఇదేనంటే చాలామంది నమ్మరు.

మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతోనూ డచ్చివారితోనూ వేగలేక ఈస్టిండియా కంపెనీవారు 1626 ప్రాంతంలో ఇక్కడికి చేరారు. స్థలం ఇప్పించడంలో తోడ్పడిన ఆర్ముగం మొదలియారు పేరు మీద దీన్ని ‘ఆర్మగాం’ అని పిలిచారు. తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఇసుక మేట అలల ఉరవడిని విరిచి ఓడలకు నీడనిచ్చేది. 1628 నాటికి వారి వర్తక కొఠీ చుట్టూ 12 ఫిరంగులు, కాపలాకు 23 మంది. భారతదేశంలో ఇంగ్లీషువారు కోటగా కట్టుకున్న తొలి కొఠీ ఇదే. అప్పటికే పులికాట్‌లో డచ్చివారి గెల్డ్రియా కోట ఉంది. అయితే ఇక్కడ బట్టల వ్యాపారం కంపెనీ ఆశించినంత సాగలేదు. ఆర్మగాం కొఠీ అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసు స్థలం సంపాదించాడు. మరుసటి ఏడాది మకాం అక్కడికి మారింది. సెయింట్ జార్జి కోట పెరిగింది, ఆర్మగాం ఇసుకలో కలిసింది.

కోట కోసం వచ్చినవారు కాలువ గట్టు ఎక్కాలి. ఈ తీరానికి ఎక్కువ కాలం అన్నం పెట్టింది అదే.

బాసిల్ కొక్రేన్ అనే వర్తకుడు 1801లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన కాలువ క్రమంగా ఉత్తరానికి పాకి పెదగంజాం చేరింది. 1876-78 కరువులో ఆకలితో ఉన్న వేలమందికి ఈ తవ్వకం కూలి దొరికేలా చేసింది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే దానికి నిలిచింది. కాలువ పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 ఆంధ్రలోనే. సరుగుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల మీద మద్రాసు వెళ్లేవి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు.

తీరానికి సమాంతరంగా పోయే కాలువకు పెన్న, స్వర్ణముఖి లాంటి నదులు అడ్డొస్తాయి. వరదొస్తే నీరూ ఇసుకా కాలువలోకి తోసుకొస్తాయి. అందుకే నది దాటే చోట్ల లాకులు. రాతి గోడల నడుమ తొట్టి, రెండు కొసలా బరువైన తలుపులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, తూముల గుండా నీటిమట్టం సరిచేస్తారు, ఆ తర్వాతే ముందు తలుపు తెరుస్తారు. తలుపు రెండు రెక్కలూ ఎత్తు నీటి వైపుకు కోణంగా కలుస్తాయి కాబట్టి, నీరు ఎంత నెడితే అవి అంత గట్టిగా బిగుస్తాయి. ఆటుపోట్లుండే చోట నెట్టే వైపు మారుతూ ఉంటుంది కాబట్టి రెండు దిక్కులకూ తలుపులు కావాలి. ఎంత చక్కని ఆలోచన!

రైలు రావడంతో పడవల రద్దీ తగ్గింది. 1965, 66 తుపాన్లు కాలువను బాగా దెబ్బతీశాయి. అయినా 2004 డిసెంబర్ 26న సునామీ నీరు ఈ కాలువలోకి దిగి నిండింది. దాని వెనకున్న ఎన్నో మత్స్యకారుల పల్లెలకు అది కాపు కాసింది.

2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. 2014 రాష్ట్ర విభజన చట్టం దుగరాజపట్నానికి ఓడరేవును రాసిచ్చింది. పూడిక తీసి పడవలు నడిపే పథకాల్లో పాత లాకులు అడ్డంకి అనిపించవచ్చు. వాటిని కూల్చే ముందు కొలతలు తీసి, ఫొటోలు పట్టి, కనీసం ఒక్కదాన్నైనా తలుపులతో సహా బాగుచేసి జనానికి చూపించాలి. సూళ్లూరుపేట, నేలపట్టుకు చలికాలంలో పక్షుల కోసం వచ్చేవారికి ఆ దారిలోనే ఒక పూట కాలువ గట్టు చూపించవచ్చు. ఊరి పిల్లలకు ఆ తలుపు ఎలా పనిచేసేదో చెప్పగలిగిన పెద్దలు ఉన్నప్పుడే ఆ పని మొదలుకావాలి.