పొలం గట్టు మీంచి పాలపుంత: ఫోన్‌తో ఆకాశాన్ని ఫొటో తీయడం ఎలా?

మాది చల్లపల్లి. ఈ ఎపిసోడ్‌లో ఎవర్నీ కొత్త కెమెరా కొనమని చెప్పను. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. కానీ ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి.

ఒక పౌర్ణమి రోజు డాబా మీద నిలబడి, ఫుల్ జూమ్ చేసి చందమామని తీశాను. అద్భుతంగా వచ్చింది. గుంటలు, మచ్చలు అన్నీ. స్టేటస్ పెడితే లైకులే లైకులు. మా నక్షత్రాల బ్యాచ్ ఒకటుంది, నలుగురైదుగురం. అందులో ఒకడు అడిగాడు: "ఇది నువ్వు తీశావా, ఫోన్ గీసిందా?" అని. నాకు కోపం వచ్చింది. వాడు ఒక పరీక్ష చెప్పాడు. చందమామ ఫొటో ఒకటి తీసుకుని, కావాలని బాగా మసక చెయ్యి. దాన్ని కంప్యూటర్ తెర మీద పెట్టు. గదిలో లైట్లన్నీ ఆపి, దూరంగా నిలబడి, ఫోన్ జూమ్ చేసి తియ్యి. తీశాను. తెర మీద అసలు లేని గుంటలు నా ఫొటోలో వచ్చాయండీ! 2023 మార్చిలో ఇదే పరీక్ష ఇంటర్నెట్‌లో ఎవరో చేస్తే ప్రపంచమంతా గొడవైంది, గుర్తుండే ఉంటుంది. ఫోన్‌కి చందమామ ఎలా ఉంటాడో ముందే తెలుసు. మనం తీసిన మసక బొమ్మ మీద తనకి తెలిసింది అద్దేస్తుంది.

అందుకే ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో ఒకటే రూల్. ఆకాశం నుంచి వచ్చిన వెలుతురు మాత్రమే ఫొటోలో ఉండాలి.

ఇదేదో ఈ కాలం చాదస్తం అనుకోకండి. మన పక్కనే దీనికి పెద్ద చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా వెళ్ళింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరు వచ్చి చూశాడు. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరులో దిగాడు. అదే గుంటూరులో మేజర్ టెనంట్ బృందం గ్రహణాన్ని ఫొటోలు తీసింది. ఎన్ని తీశారో తెలుసా? సంపూర్ణ గ్రహణం అయిదు నిమిషాలకు పైగా ఉంటే, అంతసేపట్లో వచ్చినవి ఆరు ప్లేట్లు. ఎందుకంటే అప్పటి పద్ధతి అలాంటిది. గాజు పలకకి జిగురు లాంటి కొలోడియన్ పూసి, వెండి లవణం కలిపిన ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకట్లో కడగాలి. ఆగస్టు నెలలో, గుంటూరు ఎండలో! మనమేమో మూడు సెకన్లు ఫోన్ కదలకుండా పట్టుకోమంటే విసుక్కుంటాం.

ఆ రోజు స్పెక్ట్రోస్కోప్‌లో సూర్యుడి అంచు మీద ఎర్రటి జ్వాలల్ని చూసిన జాన్సెన్, అవి మండే వాయువని గ్రహించాడు. మర్నాడు పొద్దున గ్రహణం లేకుండానే మళ్ళీ చూడగలిగాడు కూడా. ఆ వెలుతురులోని ఒక పసుపు గీత దగ్గరే తర్వాత హీలియం కథ మొదలైంది. భూమ్మీద హీలియం దొరకడానికి 1895 దాకా పట్టింది. టెన్త్ క్లాసులో హీలియం గురించి చదివాం, గుంటూరు పేరు మాత్రం నాకెవ్వరూ చెప్పలేదు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కూడా అంతే. 1901లో మొదలైంది, ఆకాశంలో తన వాటాకి వచ్చిన భాగాన్ని ప్లేట్ల మీద ఫొటోలు తీసి 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. వాళ్ళకి ఫొటో అంటే సాక్ష్యం.

సరే, ఇక పనిలోకి వద్దాం. ముందు చందమామ. చాలామంది రాత్రి కదా అని నైట్ మోడ్ పెడతారు. తప్పు. చందమామ మీద పడేది ఎండ. అంటే పగటిపూట గోడని తీసినట్టే తియ్యాలి. ప్రో మోడ్‌లోకి వెళ్ళి ఐఎస్ఓ 100 పెట్టి, షట్టర్ బాగా వేగంగా ఉంచండి. తెల్లటి బల్బులా కనిపించేవాడు కాస్తా మచ్చలతో సహా దిగుతాడు. ఫొటోలో చిన్నగానే ఉంటాడు, కానీ నిజమైనవాడు. పెద్దగా కావాలంటే బైనాక్యులర్‌ని స్టాండుకి కట్టి, దాని కంటిగాజు దగ్గర ఫోన్ కెమెరా ఆనించండి. పౌర్ణమి కంటే అష్టమి మంచిది. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడతాయి.

ఇప్పుడు నక్షత్రాలు, పాలపుంత. దీనికి అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజులు కావాలి. యాప్ అక్కర్లేదు, గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టండి. లేకపోతే రెండు ఇటుకల మధ్య ఇరికించండి, మేం అలాగే మొదలెట్టాం. ఐఎస్ఓ 1600, ఫోకస్ అనంతం గుర్తు దగ్గర, టైమర్ 3 సెకన్లు, ఫార్మాట్ రా. రా అంటే ఫోన్ తన తెలివి చూపించకముందు సెన్సార్ మీద పడిన వెలుతురు, దాదాపు ఉన్నదున్నట్టు. షట్టర్ 10 సెకన్లు. అంతకంటే ఎక్కువ ఎందుకు కాదంటే, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది. ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క కాస్తా గీత అవుతుంది.

మరి 10 సెకన్లలో ఏం వస్తుంది? నిజం చెప్పాలంటే చెత్త వస్తుంది. గరుకు గరుకుగా, ఇసక చల్లినట్టు. అసలు కిటుకు ఇక్కడుంది. అలాంటివి 100 తియ్యండి. మోపిదేవి గుడి దగ్గర పండగ రోజు జనం గోలలో మీ అమ్మ మిమ్మల్ని పిలుస్తోందనుకోండి. ఒక్కసారి పిలిస్తే వినపడదు. గోల ప్రతిసారీ మారిపోతుంది, అమ్మ పిలుపు మాత్రం అదే పేరు. వంద సార్లు పిలిస్తే పట్టేస్తారు. ఫొటోలో గరుకు కూడా గోలే, ప్రతి ఫ్రేమ్‌లో వేరే చోట పడుతుంది. నక్షత్రం నక్షత్రం దగ్గరే ఉంటుంది. 100 ఫ్రేములు సగటు తీస్తే గోల పదో వంతుకి తగ్గుతుంది. దీన్నే స్టాకింగ్ అంటారు. సీక్వేటర్, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు నక్షత్రాల్ని ఒకదాని మీద ఒకటి సర్ది ఈ పని చేసిపెడతాయి, కంప్యూటర్ కావాలి. చివర్లో లెన్సు మీద గుడ్డ కప్పి అదే సెట్టింగులో ఇరవై నల్ల ఫొటోలు కూడా తియ్యండి. సెన్సార్ సొంత మచ్చలు వాటిలో దొరికిపోతాయి, తీసేయొచ్చు.

ఇలా చేస్తే ఫోన్ అబద్ధం ఆడలేదా అని అడగొచ్చు. ఒక్క చుక్క కూడా కొత్తగా గీయలేదండీ. వచ్చిన వెలుతురునే కూడాం.

మా డెల్టాలో అసలు శత్రువు మంచు. నా మొదటి ప్రయత్నం జనవరిలో. మినుము చేలో పెట్టి రెండొందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే మొదటి ముప్ఫై తర్వాత అంతా పాలనురగే. లెన్సు మీద తేమ పట్టేసింది. ఇప్పుడు పది నిమిషాలకోసారి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున మూడింటి నుంచి నాలుగున్నర దాకా మంచి సమయం. పాలపుంత నడిబొడ్డు మనకి దక్షిణాన 45 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. లండన్ వాళ్ళకి పది డిగ్రీలు కూడా రాదు. ఇంకోటి, ఒమేగా సెంటారీ అని దాదాపు కోటి నక్షత్రాల గుంపు ఉంది. లండన్‌లో అది ఎప్పటికీ ఉదయించదు. మనకి ఏప్రిల్ రెండో వారంలో అర్ధరాత్రి, మే రెండో వారంలో రాత్రి పదింటికి, దక్షిణాన కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. రెండున్నర పిడికిళ్ళ ఎత్తులో చూడండి. అవనిగడ్డ, నాగాయలంక దాటితే సముద్రమే కదా, అటు ఊళ్ళ వెలుతురు లేదు. వాయవ్యంగా విజయవాడ వైపు చూస్తే మాత్రం ఆకాశం అడుగున మసక వెలుగు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గట్ల మీద పాములుంటాయి, బూట్లు లేకుండా వెళ్ళకండి. టార్చికి ఎర్ర గాలిపటం కాగితం కట్టండి, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెడిపోవు. అన్నిటికంటే ముఖ్యం, పొలం వాళ్ళకి ముందు చెప్పండి. మేం చెప్పలేదు. మోటారు షెడ్డు పక్కన ఎర్ర లైట్లు చూసి వైర్లు కోసుకుపోయే దొంగలనుకుని ఒక రైతు కర్ర తీసుకుని వచ్చాడు. "ఎవర్రా అక్కడ?" అంటే, "మేమే బాబాయ్, చుక్కల ఫొటోలు తీసుకుంటున్నాం" అన్నాం. నమ్మలేదు. ఫోన్ చూపించాం. కాసేపు చూసి, "ఇవన్నీ మా చిన్నప్పుడు ఉత్త కంటికే కనపడేవిరా. పిల్లలకోడి అని లెక్కపెట్టేవాళ్ళం" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఉప్పెన తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. అప్పుడూ ఇలాగే ఉండేది ఆకాశం. చూడబుద్ధయ్యేది కాదు" అన్నాడు. 1977 నవంబరు 19 గురించి అన్నమాట. మాకెవ్వరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆయనే వెళ్ళి షెడ్డు ముందు లైటు ఆపేసి వచ్చాడు.

ఆ ఒక్క బల్బు ఆపితే తేడా ఎంతో ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఎడమది లైటు ఉన్నప్పుడు, కుడిది ఆపాక. ఫోన్ అదే, సెట్టింగులూ అవే. మా చుట్టూ చేపల చెరువుల గట్ల మీద రాత్రంతా లైట్లు వెలుగుతాయి. కాపలాకి లైటు కావాలి, ఆపమనడం న్యాయం కాదు. కానీ బల్బు పైన ఒక రేకు మూకుడు పెడితే వెలుతురు చెరువు మీదే పడుతుంది, పైకి పోదు. ఇద్దరు చెరువుల వాళ్ళని అడిగాం. ఒకాయన పెట్టాడు. ఒకాయన నవ్వాడు.

ఇంకో తేదీ రాసిపెట్టుకోండి. 2028 డిసెంబరు 31 రాత్రి మనకి సంపూర్ణ చంద్రగ్రహణం. పదిన్నర ప్రాంతంలో చందమామ ఎర్రగా ఉంటాడు. కొత్త సంవత్సరం టపాకాయల పొగ మొదలవకముందే తీసేసుకోవాలి. మామూలు చందమామకి పెట్టిన సెట్టింగు ఆ ఎర్ర చందమామకి పనికిరాదు, వెలుతురు బాగా తగ్గిపోతుంది. స్టాండు ఉండాలి, షట్టర్ ఒకటి రెండు సెకన్ల దాకా పెంచాలి. మేం ఆ మినుము చేలోనే ఉంటాం. బాబాయికి ఇప్పుడే చెప్పి ఉంచాం.