పొయ్యి కింద గాలి గొట్టం.. వంటింట్లో తగ్గే పొగ

గ్యాసు బండ వచ్చినా కర్నూలు, కడప పల్లెల్లో కట్టెల పొయ్యి ఇంకా మూలపడలేదు. సంగటి కెలకాలన్నా, ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టాలన్నా, ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచాలన్నా కంది కట్టె, పత్తి కట్టె, కంపే దిక్కు. బుడ్డల పొట్టు, రంపపు పొట్టుతో ఒత్తిన గుళికలు కాల్చే పొయ్యిలూ కొన్నిచోట్ల వాడుతున్నారు. ఏ పొయ్యి అయినా మంటకు గాలి కావాలి. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది మాత్రం మనం పట్టించుకోం.

గాలి చాలకపోతే ఏమవుతుంది?

కిలో ఎండు కట్టె కాలడానికి కనీసం 5 ఘనపు మీటర్ల గాలి కావాలి. మన పొయ్యిల్లో దానికి రెట్టింపు, అంటే సుమారు 10 ఘనపు మీటర్లు లాగేస్తుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న వంటిల్లు పట్టేది 18 ఘనపు మీటర్లే. రెండు కిలోల కట్టె కాలేసరికి గదిలో ఉన్నంత గాలి పొయ్యికే సరిపోదన్నమాట.

వానకో చలికో తలుపులు బిగిస్తే మంట మందగించి పొగ ఎక్కువవుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. అంతకంటే ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దీనికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు కమ్మి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఎక్కువసేపు పొయ్యి దగ్గరుండే ఆడవాళ్లు, వాళ్ల ఒడిలోని పసిబిడ్డలే ముందు బాధపడతారు.

పొగగొట్టం ఒక్కటే చాలదు

పొగరాని పొయ్యి మనకు కొత్తేమీ కాదు. 1950ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించారు. 1983లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల పథకం కింద ఊరూరా ఇలాంటివి కట్టారు. గొట్టాలు శుభ్రం చేయక చాలా పొయ్యిలు మూలపడ్డాయి.

గొట్టం పొగను పైకి లాగాలంటే అంత గాలి లోపలికి రావాలి. గది మూసి ఉంటే గొట్టం కూడా సరిగా లాగదు. అందుకే బయటి గాలిని నేరుగా పొయ్యి అడుగుకు తెచ్చే దారి కావాలి.

అమర్చుకునే పద్ధతి

* పొయ్యిలో కట్టెల కింద ఇనుప సలాకల జల్లెడ వేయండి. దాని కింద నాలుగు అంగుళాల లోతున బూడిద గుంత ఉంచండి.
* ఆ గుంత నుంచి బయటి గోడ వరకు మూడు అంగుళాల ఇనుప గొట్టం వేయించండి. పొయ్యి దగ్గర ప్లాస్టిక్ గొట్టం వాడరాదు, వేడికి కరిగిపోతుంది.
* రాతి గోడను పగలగొట్టకండి. బేల్దారితో ఒక్క రాయిని లాగించి, పైన నాపరాయి ముక్క అడ్డం పెట్టించి పూడ్పించండి. దూలం ఆనిన చోటు కింద మాత్రం రంధ్రం వద్దు.
* గొట్టం బయటి వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. బయటి మూతి నేలకు అడుగు ఎత్తున, కిందికి వంగి ఉంటే వాన నీరు, దుమ్ము చేరవు.
* ఎలుకలు, తేళ్లు, పాములు దూరకుండా పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించండి. మరీ సన్నటి జాలీ దుమ్ముతో మూసుకుపోతుంది.
* ఆషాఢం గాలులు పడమటి నుంచి విసురుగా వస్తాయి. మూతి అటువైపు వద్దు. తప్పనిసరైతే ముందు ఒక బండ అడ్డం నిలపండి. చొప్ప వామి ఉన్న వైపు అసలే వద్దు.
* కట్టెలు పెట్టే నోటికి రేకు తలుపు పెట్టించండి. అది బార్లా తెరిచి ఉంటే పొయ్యి మళ్లీ గదిలోని గాలినే లాగుతుంది.

పని చేస్తోందా?

పొయ్యి వెలిగించి, గొట్టం బయటి మూతి దగ్గర ఊదుబత్తి పట్టండి. పొగ లోపలికి పోతే సరిగా ఉన్నట్టే. బయటికి తన్నుతుంటే ముందు పొగగొట్టంలో మసి చూడండి, తర్వాత బూడిద గుంత చూడండి. బూడిదను వారానికి రెండుసార్లు, మసిని నెలకోసారి తీయాలి.

గుళికల పొయ్యి ఉంటే

ఫ్యాను ఉన్న గుళికల పొయ్యికి గాలి లోపలికి పోయే మూతి వేరుగా ఉంటే, బయటి గొట్టాన్ని దానికే కలపవచ్చు. పొగగొట్టం లేని చిన్న పొయ్యికి ఇది పనికిరాదు. గాలి బయటి నుంచి వచ్చినా పొగ గదిలోకే వస్తుంది. దాన్ని వసారాలోనో దొడ్లోనో వెలిగించండి. గుళికలు తడిస్తే పిండై పోతాయి, ఎత్తు మీద పొడిగా దాచుకోండి.

ఇవి మరవకండి

నిప్పులు ఉండగానే గాలి గొట్టాన్ని పూర్తిగా మూయకండి. మంట ఆరినా నిప్పులు విషవాయువు వదులుతాయి. బొగ్గుల కుంపటి పెట్టుకుని మూసిన గదిలో నిద్రపోకండి. గాలి గొట్టం అమర్చుకున్నాం కదా అని మిద్దెపై గవాక్షిని, కిటికీని మూయకండి. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చినట్టనిపించినా వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లి, ఆసుపత్రికి చేర్చండి.

ఇందుకు కావలసింది గొట్టం ముక్క, కాసింత జాలీ, బేల్దారికి ఒక పూట పని. వానలు పట్టకముందే చేయించుకుంటే మేలు.