రాయిని మెల్లగా విరిచే యంత్రం

పామర్రు చుట్టుపక్కల ఎక్కడ గుంట తీసినా నల్లమట్టి, ఇసుకే. "మరి మన కింద రాయే లేదా సార్?" అని ఒక పిల్లవాడు తరగతిలో అడిగాడు. ఉంది. కృష్ణమ్మ మేట కింద భూగర్భ శాస్త్రజ్ఞులు గుడివాడ గ్రాబెన్ అని పిలిచే లోతైన పల్లం ఉంది, అందులో పొరమీద పొరగా రాళ్లున్నాయి. ఆ పల్లం భాగమైన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ పొరల్లో ముఖ్యమైనది రాఘవాపురం షేల్. క్రిటేషియస్ కాలపు బురద గట్టిపడి అయిన రాయి అది. చమురు, గ్యాసు పుట్టే చోటు.

షేల్ రంధ్రాలు అతిసూక్ష్మం. నీటి ఒత్తిడితో పగలగొడితే తప్ప గ్యాసు కదలదు. పెళుసు రాయైతే పగుళ్లు తెరుచుకుని నిలుస్తాయి. బంకమన్ను పాలు ఎక్కువైతే, తెరిచి ఉంచడానికి పంపిన ఇసుక రేణువుల్ని మింగి పగుళ్లు మూసుకుంటాయి. ఏది ఎలా విరుగుతుందో ముందే తెలియాలంటే బావిలోంచి తీసిన కోర్‌ను, అంటే స్తంభంలాంటి రాతి ముక్కను, యంత్రంలో నొక్కి చూడాలి.

ఇలా నొక్కే పాత యంత్రాల్లో రాయి గరిష్ఠ బలం దాటగానే ఢామ్మని పేలిపోయేది. ఆ పేలుడు రాయి స్వభావమే అనుకున్నారు చాలాకాలం. నిజానికి రాయిని నొక్కుతున్నప్పుడు యంత్రపు ఉక్కు స్తంభాలూ సాగుతాయి, ఎక్కుపెట్టిన విల్లులా. రాయి కాస్త సడలగానే ఆ శక్తంతా దానిమీద విరుచుకుపడుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో రాళ్లు పేలడానికి కారణం వెతికిన నెవిల్ కుక్ 1965లో ఈ సంగతి వివరించాడు.

అప్పుడు రెండు దారులు పోటీపడ్డాయి. ఉక్కును మందంగా చేసి సాగకుండా ఆపడం ఒకటి. యంత్రాన్ని నడిపే నూనె ఒత్తిడిని నియంత్రించే వాల్వును చురుకుపరచడం రెండోది. నెగ్గింది వాల్వే. రాయి ఎంత మారిందో సెన్సర్ క్షణక్షణం చెబుతుంది. మార్పు నిర్ణయించిన వేగం దాటబోతే వాల్వు వెంటనే నూనెను వెనక్కి లాగుతుంది. రాయి పేలదు, మెల్లగా విరుగుతుంది.

కానీ 1970లో మిన్నెసోటాలో వావెర్సిక్, ఫెయిర్‌హర్స్ట్ అనే పరిశోధకులు చూపిన రెండో రకం రాళ్లకు ఇదీ చాలదు. తమను తాము విరుచుకోవడానికి సరిపడే శక్తి వాటిలోనే ఉంటుంది. పేలకుండా ఆపాలంటే ఆ శక్తిని బయటికి తీయాలి, అప్పుడు రాయి పొడవు కాస్త తిరిగి పెరుగుతుంది కూడా. కనుక పొడవును నమ్ముకుని యంత్రాన్ని నడపలేం. ఉపాయమేమిటంటే, రాయి నడుముకు చిన్న రోలర్ల గొలుసు చుట్టడం! లోపల పగుళ్లు పెరిగేకొద్దీ నడుము ఉబ్బుతూనే ఉంటుంది, వెనక్కి తగ్గదు. ఇంతకంటే అందమైన కొలత నాకు తెలియదు.

షేల్‌కు ఇంకా జాగ్రత్తలున్నాయి. పొరలకు అడ్డంగా, వెంబడి, ఏటవాలుగా మూడు ముక్కలు కోస్తారు. ఒక్కో దిక్కున ఒక్కో బలం. మూడు కిలోమీటర్ల లోతున పైరాళ్ల బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోలు. అందుకే చుట్టూ నూనె ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. 1911లో కార్మన్ అనే శాస్త్రజ్ఞుడు పాలరాయితో చూపిన పద్ధతి ఇదే.

ఇక మన దేశపు షేల్ కథ చిన్నది. 2013లో కేంద్రం ఓఎన్జీసీ, ఆయిల్ ఇండియాలకు షేల్ గ్యాసు అన్వేషణకు అనుమతినిచ్చింది. వరి, చేపల చెరువులు నీటిమీదే బతికే డెల్టా మనది. ఇక్కడ ఏ బావిలోకైనా నీళ్లు ఎక్కించే ముందు గ్యాసు ఎంతుందని కాదు, రాయి విరిగాక ఎలా నడుచుకుంటుందని అడగాలి. జవాబు చెప్పగల యంత్రం మన దగ్గరుంది.