ఫోనులోనూ ఒక చిట్టా, ఒక ఆవర్జా

రోజువారీ పనులకు వాడే డిజిటల్ పనిముట్లను తగ్గించుకోవాలంటే ఏ సమాచారం ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత అదే సమాచారం పోగుపడుతున్న మిగతా చోట్లను మూసేయాలి. ఫోనులో ఎన్ని యాప్‌లు ఉన్నాయన్నది రెండో సంగతి. ఒకే ఆర్డరు వాట్సాప్‌లో ఒకటి, నోట్స్‌లో ఒకటి, ఎక్సెల్‌లో మరొకటిగా ఉంటే, మూడింటిలో ఏది సరైనదో వెతకడమే ఒక పనైపోతుంది.

కోనసీమలోని ఆత్రేయపురం మండలం వాడపల్లి చుట్టుపక్కల ఈ ఇబ్బంది శనివారం నాడు బాగా తెలుస్తుంది. గౌతమి ఒడ్డున ఉన్న వేంకటేశ్వరస్వామి ఆలయానికి భక్తులు ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తారు. వెళ్లేటప్పుడు పూతరేకులు పట్టుకెళ్లేవాళ్లు చాలామంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని ఇంట్లోనే చుట్టి అమ్మే కుటుంబానికి ఎవరికి ఎన్ని, బెల్లంవా పంచదారవా, అడ్వాన్సు ఎంత ముట్టింది, కొరియర్ ఏ ఊరికి అన్నవన్నీ ఒక్క పూటలో మీద పడతాయి. బోర్లించిన వేడి కుండ మీద గుడ్డతో రేకు తీస్తున్న చెయ్యి ఫోను అందుకోలేదు. అందుకున్నా, ఏ యాప్ తెరవాలా అని ఆలోచించే తీరిక ఉండదు.

ఈ చిక్కుకు తెలుగు వర్తకులు కాగితం మీద ఎప్పుడో దారి వేశారు. దుకాణంలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన బేరం జరిగిన వరుసలో చిట్టాకెక్కేది. తర్వాత తీరుబడిగా కూర్చుని ఆ పద్దులను ఎవరి ఖాతా కింద వారికి ఆవర్జాలోకి ఎత్తేవారు. చిట్టాలో రాయడానికి చురుకుదనం కావాలి, ఆవర్జాకు నిదానం కావాలి. ఈ రెండు పనులనూ ఒకే క్షణంలో చేయబోవడం వల్లే ఫోను గందరగోళంగా మారుతుంది. కొత్త యాప్ వేసుకున్నంత మాత్రాన అది తీరదు.

ఫోనులో చిట్టాగా వాట్సాప్‌లో మనకు మనమే సందేశం పంపుకునే చాట్ సరిపోతుంది. దాన్ని పిన్ చేస్తే ఎప్పుడూ పైనే ఉంటుంది. రాయడం కుదరకపోతే మాటల్లో చెప్పి పెట్టవచ్చు. రసీదు ఫొటో కూడా అందులోనే వేయవచ్చు. చిన్న వ్యాపారికి వాట్సాప్ బిజినెస్‌లోని లేబుళ్లు ఆవర్జా పని చాలావరకు చేస్తాయి: కొత్త ఆర్డరు, డబ్బు రావాలి, డబ్బు ముట్టింది, సరుకు పంపాం. బాకీల లెక్క పెద్దదైతే ఒక్క షీట్ పెట్టుకోవచ్చు. ఏది ఎంచుకున్నా రోజూ ఒకే వేళకు చిట్టా ఖాళీ చేయాలి. ఈ అలవాటు లేకపోతే ఎంత మంచి యాప్ అయినా నెల తిరిగేసరికి చెత్తబుట్టే.

తేదీలకు మాత్రం క్యాలెండర్ ఒక్కటే ఉండాలి. ఏడు శనివారాల మొక్కునే తీసుకుంటే, గూగుల్ క్యాలెండర్‌లో శనివారానికి ఒకసారి నమోదు చేసి, వారం వారం, ఏడుసార్లు అని పెడితే చాలు. వేరే యాప్ ఎందుకు? గోడ మీది తెలుగు క్యాలెండర్‌తోనే ఇల్లంతా నడుస్తుంటే అదే ఉంచుకోవడం మేలు. ఇంటిల్లిపాదికీ కనిపించే సౌకర్యం దానికి ఉంది.

పనిముట్లు పెరిగితే మనసుకూ బరువే. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మారితే ధ్యాసలో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో వెలువరించిన అధ్యయనంలో చూపారు. ప్రతి నోటిఫికేషన్ అలాంటి ఒక మార్పుకు పిలుపే. ఫోను కాల్, బ్యాంకు సందేశం, ఆర్డర్లు వచ్చే చాట్ తప్ప మిగతా వాటి చప్పుడు ఆపేస్తే ఆ భారం చాలావరకు తగ్గుతుంది.

చోట్లను తగ్గించే ఈ దారినే ప్రభుత్వాలూ పట్టాయి. కేంద్రం 2017లో పలు ప్రభుత్వ సేవలను ఒక్కచోట అందించే ఉమంగ్ యాప్ తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ సేవను మొదలుపెట్టింది. 95523 00009 నంబరుకు సందేశం పంపితే ధ్రువపత్రాలు, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్లు, దేవాదాయ శాఖ సేవలు అన్నీ ఒకే చాట్‌లో దొరుకుతాయి. జనం రోజూ తెరిచే చోటికే సేవను తేవడం సరైన పద్ధతి.

డబ్బు యాప్‌లను తగ్గించేటప్పుడు జాగ్రత్త అవసరం. యూపీఐ యాప్ ఏదైనా డబ్బు కదిలేది సాధారణంగా బ్యాంకు ఖాతాలోంచే, ఏ యాప్‌తోనైనా ఏ దుకాణం యూపీఐ క్యూఆర్‌నైనా స్కాన్ చేయవచ్చు. కాబట్టి ఒకటి చాలు. అయితే ఫోనులోంచి యాప్ చెరిపేసినంత మాత్రాన అందులో ఇచ్చిన ఆటోపే అనుమతులు రద్దు కావు. ముందు వాటిని రద్దు చేసి, యూపీఐ ఐడీ తొలగించి, ఆ తర్వాతే యాప్ తీసేయాలి.