వెన్న పడకపోతే నేరం ఎవరిది?

ఎంతసేపు చిలికినా వెన్న పడకపోతే మన పల్లెల్లో దిష్టి తగిలిందనేవారు. ఐర్లండ్‌లోనైతే మే 1న ఇరుగుపొరుగువారు మంత్రం వేసి వెన్న ఎత్తుకుపోతారని భయపడేవారు. ఇంగ్లండ్‌లో మంత్రగత్తెను తరమడానికి ఎర్రగా కాల్చిన ఇనుమును మీగడలో ముంచేవారు.

అసలు కిటుకు కొవ్వులో ఉంది. పాలలో కొవ్వు కంటికి కనిపించని గోళాలుగా తేలుతుంటుంది. ప్రతి గోళం చుట్టూ ప్రొటీన్లు, ఫాస్ఫోలిపిడ్లతో పలచని పొర ఉంటుంది. అది చిరగనంతవరకూ గోళాలు ఒకదానిలో ఒకటి కలవవు. తోడు వేశాక లాక్టిక్ ఆమ్లం వల్ల కేసీన్ వలలా అల్లుకుని ఆ గోళాలను పట్టి ఉంచుతుంది. కవ్వం ముందు ఆ వలను తెంపాలి, తర్వాత పొరలను చింపాలి.

కవ్వాన్ని ఒకే వైపు తిప్పితే పెరుగు కూడా దానితోపాటే సుడి తిరుగుతుంది. తాడు కొసలను మార్చి మార్చి లాగితే దిక్కు మారినప్పుడల్లా సుడికి ఎదురుదెబ్బ తగులుతుంది. క్షీరసాగర మథనంలోనూ ఇదే ఏర్పాటు: మందరం కవ్వం, వాసుకి తాడు, చెరోవైపు దేవదానవులు.

దెబ్బ ఒక్కటే చాలదు, వేడి కూడా కుదరాలి. పాలకొవ్వు ఒక్కసారిగా కరగదు. సుమారు 37 డిగ్రీల సెల్సియస్‌కు పూర్తిగా ద్రవమవుతుంది. అంతకన్నా చల్లగా ఉంటే కొంత ద్రవంగా, కొంత స్ఫటికాలుగా ఉంటుంది. స్ఫటికాల మొనలు పక్క గోళం పొరను పొడుస్తాయి, ద్రవకొవ్వు జిగురై రెంటినీ అతుకుతుంది. ఎండ ముదిరితే పొడిచే మొనలు తగ్గుతాయి, చలి ముదిరితే అతికే జిగురు తగ్గుతుంది. తెల్లవారుజామునే చిలకడం, వేసవిలో చన్నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు పోయడం అందుకే. ఇంగ్లండ్ ఇనుము కూడా చలిరోజున ఆ వేన్నీళ్ళ పనే చేసి ఉంటుంది. తప్పు దిష్టి మీదకు నెట్టినా, చెయ్యి మాత్రం వేడినే సరిదిద్దింది.

గోళాలు అతుక్కుని రేణువులై, రేణువులు ముద్దై పైకి తేలతాయి. అంతవరకూ నీటిలో కొవ్వు ఉండేది, ఇప్పుడు కొవ్వులో నీటి తుంపరలున్నాయి. డెయిరీ వెన్నలో కొవ్వు 80 శాతం, నీరు 16 శాతం దాకా ఉంటాయి. చిరిగిన పొరల్లో ఎక్కువ భాగం చల్లలోకే పోతుంది. వెన్నలో చల్ల మిగిలితే సూక్ష్మజీవులకు మేత దొరికి త్వరగా వాసన వేస్తుంది. కాబట్టి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. మిగిలిన నీటిని కూడా పొయ్యి మీద ఆవిరి చేస్తే నెయ్యి. తడి లేదు గనకే అది నెలల తరబడి నిలవుంటుంది.