వీధి తలుపుకి రంగు వేయిస్తున్నారా?

వానలు వెళ్లాయి, సంక్రాంతి దగ్గరకొస్తోంది. జహీరాబాద్‌లో వీధి దర్వాజాకి రంగు వేయించుకోవటానికి ఇదే అనువైన కాలం. వానల్లో ఉబ్బి పట్టేసిన తలుపు ఈపాటికి ఆరి ఉంటుంది. తడి చెక్క మీద రంగు వేస్తే పొక్కులు లేస్తాయి.

అయితే కొత్త రంగు కన్నా ముందు పాత రంగు సంగతి చూడండి. గడపకి పసుపు, దాని మీద ఎర్రబొట్లు ఎనామిల్‌తోనే వేయిస్తాం కదా! పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన పూతలు చాలా గడపల మీద ఇంకా అలాగే ఉన్నాయి.

వాటిని ఉప్పు కాగితంతో పొడిగా రుద్దితే దుమ్ము ఇల్లంతా పడుతుంది. పాకే పాపాయి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. సీసం పసివాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణులకూ హానే.

అందుకని ఇలా చేయించండి:

* పిల్లల్ని, గర్భిణుల్ని పని అయ్యేదాకా దూరంగా ఉంచండి.
* కింద ప్లాస్టిక్ షీటు పరిచి, వాటర్ పేపరుతో తడుపుతూ రుద్దమనండి. పాత రంగుని మంటతో కాల్చి తీయనివ్వకండి.
* రాలిన పెచ్చులు మూటగట్టి పారేయండి. చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి.
* పగుళ్లకి లప్పం, ఆపైన ప్రైమరు, తర్వాత ఎనామిల్ రెండు పూతలు. పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనివ్వాలి.
* డబ్బా మీద సీసం 90 పీపీఎం మించదని రాసి ఉంటేనే కొనండి.

గడపకంటారా, గిర్నీలో పట్టించిన పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టుకున్నా నిండుగానే ఉంటుంది!